మళ్ళీ మళ్ళీ ఎక్కిన ముసలావిడ

యోరాన్ దగ్గర పని నేర్చుకున్న వాళ్ళెవరికైనా మొదటి పాఠం ఒకటే. రైలు తలుపును పరీక్షించే ముందు, ఆ తలుపులోంచి ఎవరు ఎక్కుతున్నారో తేల్చుకోవాలి. బటన్లూ సెన్సర్లూ తాళాలూ తర్వాత, ముందు మనిషి. అందుకని అతను రాసే ప్రతి పరీక్షకూ పైన ఒక ప్రయాణికుడు ఉండేవాడు. "చేతికర్ర ముసలావిడ." "తోపుడు బండిలో కవలలు." "మఫ్లరు వేలాడేసుకున్న స్కూలు పిల్ల." ఆ కింద అంతా మామూలు వ్యవహారమే: బటన్ నొక్కారు, రైలు ఆగి ఉంది, తలుపు తెరుచుకోవాలి, తెరుచుకుందా లేదా. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో నవ్వేవారు, ఇంత పెద్ద ఇంజనీరు బొమ్మలాట ఆడుకుంటున్నాడేమిటని. ఉల్రికా కూడా చేరిన కొత్తలో నవ్వింది. ఇప్పుడామెకి యాభై దాటింది, ప్రయాణికుడు లేకుండా ఒక్క పరీక్ష కూడా రాయలేదు.

రైలు తలుపులను నడిపే ప్రోగ్రాములు తయారుచేసే కంపెనీ అది, స్వీడన్‌లోని వెస్టెరోస్‌లో, నది ఒడ్డున పాత ఎర్ర ఇటుకల భవనంలో. ఒకరు ప్రోగ్రాము రాస్తారు, ఇంకొకరు పరీక్షిస్తారు, అన్నీ అయ్యాక యోరాన్ చూసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడనిదే ఏ ప్రోగ్రామూ రైలెక్కదు. ఆ సంతకం మీద అందరికీ ఎంత గురి అంటే, యోరాన్ చూశాడంటే ఇంక రెండో మాట లేదు.

అతనిలో ఏదో తేడా వచ్చిందని ఉల్రికాకి తెలిసింది మాత్రం కాఫీ బల్ల దగ్గర. శుక్రవారం కాఫీకి బన్నులు తెచ్చే వంతు వారానికొకరిది. కిందటేడు చలికాలంలో ఒక శుక్రవారం యోరాన్ దాల్చినచెక్క బన్నులు తెచ్చాడు. పై శుక్రవారమూ తెచ్చాడు. ఆ వారం వంతు ఉల్రికాది. ఆమె చీకటితో లేచి కాల్చుకొచ్చిన బన్నులు బల్ల కింద సంచిలో ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"ఈసారి వంతు నాదేగా!" అన్నాడు యోరాన్ హుషారుగా, డబ్బా మూత తీస్తూ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత తలా ఒకటి తీసుకుని తిన్నారు. బాగున్నాయన్నారు. ఉల్రికా తన సంచిని కాలితో ఇంకాస్త లోపలికి తోసింది.

మర్యాద! మా ఊరివాళ్ళకి ప్రాణం పోయినా మర్యాద పోకూడదు. ఎదుటివాడు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొస్తే చెప్పరు, వాడికి వాడే అద్దంలో చూసుకునేదాకా మొహం పక్కకి తిప్పుకుని మాట్లాడతారు. దానికి గౌరవమని పేరొకటి. ఒళ్ళు మండుతుంది గానీ ఏం చేస్తాం, అందరం అలాగే పెరిగాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి యోరాన్ పరీక్షల్లో ఒక సెట్టు ఉల్రికా కంటబడింది. అందులో మఫ్లరు పిల్ల లేదు. తలుపు మూసుకుంటున్నప్పుడు మధ్యలో సన్నటిదేదైనా చిక్కుకుంటే రైలు కదలకూడదన్న పరీక్ష అది. అది లేకుండా యోరాన్ సంతకం పెట్టడమా! ఆమె వెళ్ళి అడగాలి. అడగలేదు. అందరూ ఇళ్ళకి వెళ్ళేదాకా ఆగి, ఆ పరీక్షను తనే రాసి, అతని సెట్టులో అతని పేరు మీదే కలిపేసింది. మాట తీరు కూడా అచ్చం అతనిదే. ఇరవై ఏళ్ళకి పైగా పక్కన కూర్చున్న మనిషికి అదేం కష్టం?

అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. యోరాన్ సంతకానికి ఏది వచ్చినా ఆమె ముందే చాటుగా చూసేది, లేని ప్రయాణికుల్ని ఎక్కించేది. ఇంకో రెండేళ్ళలో అతనికి పింఛను వస్తుంది. అప్పటిదాకా లాక్కొస్తే చాలు. రైలెక్కేవాళ్ళకీ దెబ్బ తగలదు, అతనికీ తగలదు. ఇంతకన్నా మంచి పనేముంటుందని అనుకుంది, పిచ్చిది. కానీ నిద్రపట్టేది కాదు. తనకి ఏ జ్వరమో వచ్చి నాలుగురోజులు పడుకుంటే? తను చూడని ప్రోగ్రామొకటి ఆ సంతకంతో బయటికి పోతే? ఏ పిల్ల మఫ్లరో తలుపులో ఇరుక్కుంటే? అప్పుడా పాపం యోరాన్‌దా, తనదా? నోరు విప్పి చెబితే అతని బతుకు ఆ రోజుతో సరి. ఇంట్లో భార్య గుడ్రున్ ఉన్నా, అతనికి ఇల్లంటే పడుకోవడానికే, మిగతాదంతా ఇక్కడే. ఆ రెండింటి మధ్యా పడి నలిగిపోయింది ఏడాది పొడుగునా.

మార్చిలో యూనివర్సిటీ నుంచి తూవె అనే అమ్మాయి తన యంత్రాన్ని పట్టుకొచ్చింది. యంత్రమంటే ఇనుపది కాదు, అదీ ఒక ప్రోగ్రామే. దానికి తలుపు ప్రోగ్రామును అప్పజెబితే, లోపల "ఇలా అయితే ఇది, లేకపోతే అది" అంటూ ఎన్ని దారులు చీలతాయో అన్నిట్లోనూ ఒక్కసారైనా నడిచి వచ్చేలా తనంతట తానే పరీక్షలు పుట్టిస్తుంది, మనం కప్పులో కాఫీ నింపుకొచ్చేలోగా. అది నిజంగా ఎంత పనికొస్తుందో తూవె తేల్చాలి. ఎవరూ చూడని కొత్త ప్రోగ్రాము ఒకటి తీసుకుంటారు. యంత్రమూ పరీక్షలు రాస్తుంది, మనుషులూ రాస్తారు. ఆ తర్వాత తూవె ఆ ప్రోగ్రాములో కావాలని తప్పులు నాటుతుంది, ఒకచోట షరతులోని "కాదు"ను పీకేసి, ఇంకోచోట ఆగాల్సిన సమయం మార్చేసి. ఎవరి పరీక్షలు ఆ తప్పుల్ని పట్టుకున్నాయో చూస్తుంది. రాసినవాళ్ళకి పేర్లుండవు, నంబర్లే.

కాఫీ బల్ల దగ్గర యోరాన్ ఆ పిల్లని ఆటపట్టించాడు.

"దానికి తలుపంటే ఏంటో తెలుసా?"

"తెలీదు" అని నవ్వింది తూవె. "దారులెన్నో తెలుసు, అంతే. తలుపు తెరుచుకోవడం కరెక్టో కాదో నువ్వే చెప్పాలి."

"రైలెక్కిందా ఎప్పుడైనా?"

"లేదు పాపం."

"రైలెక్కకుండానే నాతో పోటీకొస్తోందా! దాని ధైర్యమే ధైర్యం."

"ఓడిపోయావంటే బన్నులు నువ్వే తేవాలి యోరాన్" అన్నాడు మేనేజరు స్టాఫన్, అని టక్కున నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. యోరాన్ మాత్రం ఆ కప్పుల్లోకి చూసేవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూశాడు.

రాసేవాళ్ళు చిన్న గదిలో తలుపేసుకుని ఒంటరిగా రాయాలన్నది తూవె పెట్టిన నియమం. అంటే ఈసారి ఉల్రికాకి దారి లేదు. గదిలోకి తను వెళ్ళే వీల్లేదు, తర్వాత దిద్దే వీలూ లేదు. వరండాలో యోరాన్‌ని పట్టుకుంది.

"నీకెందుకీ గోల? కుర్రాళ్ళు రాస్తార్లే."

"ఏం, నేను ముసలాణ్ణా?"

"అని కాదు..."

"మరేంటి?" అని ఆగి ఆమె మొహంలోకి చూశాడు. చెప్పు, చెప్పు అన్నట్టుగానే చూశాడు. ఆ చూపు ఏమిటో ఆమెకి ఆ తర్వాతగానీ తెలిసిరాలేదు.

"ఏం లేదు. ఆ గదిలో కిటికీ తెరుచుకోదు. ఉక్కపోత."

"చొక్కా విప్పేసి రాస్తాలే" అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో నది మీద మంచు కరిగాక తూవె ఫలితాలు పట్టుకుని ఉల్రికా పక్కన కూర్చుంది. యంత్రం ఒక్క దారి కూడా వదలలేదు. నాలుగైదు షరతులు ముడిపడిన చోట, మనుషులు విసుగుపుట్టి వదిలేసిన తప్పుల్ని అది పట్టుకుంది. కానీ తలుపు కొంతసేపు ఆగి మూసుకోవాల్సిన చోట్ల బొత్తిగా బోర్లాపడింది. బటన్ నొక్కి వెంటనే వదిలేసేది, ఆగి చూసేది కాదు.

"దానికి ఆగడం చేతకాదు" అంది తూవె. "మీ వాళ్ళకి వచ్చు. రెండూ కలిపి వాడుకుంటే బాగుంటుంది. నేను రాయబోయేది అదే. ఇంతకీ ఇదొకటి అర్థం కావట్లేదు, చూస్తావా? ఏడో నంబరు. అందర్లోకీ, యంత్రం కన్నా కూడా, తక్కువ పట్టింది ఇదే."

ఉల్రికా తెర మీదికి వంగింది. చేతికర్ర ముసలావిడ. బటన్ నొక్కింది, రైలు ఆగి ఉంది, తలుపు తెరుచుకోవాలి. దాని కింద చేతికర్ర ముసలావిడ. బటన్ నొక్కింది, రైలు ఆగి ఉంది. ఆ కింద తోపుడు బండిలో కవలలు, సగంలో ఆగిపోయారు. మళ్ళీ చేతికర్ర ముసలావిడ. మళ్ళీ. ఎక్కుతున్నది ఆవిడొక్కతే. దిగినవాళ్ళు ఎవరూ లేరు.

"యంత్రానికి చూపిస్తే, మొదటి ముసలావిడని ఉంచి మిగతా వాళ్ళని తీసి పారేసింది, కొత్తగా ఏమీ చెప్పట్లేదని" అంది తూవె. "సేవ్ చేసేటప్పుడు ఫైలు గానీ చెడిందంటావా? చెడితే లెక్కలోంచి తీసేస్తా."

ఆ ఉక్కగదిలో యోరాన్ కనిపించాడు ఉల్రికాకి. మొదలుపెట్టిన ప్రతిసారీ ఇదే మొదలనుకుంటూ, ఆ ముసలావిడకి అంతే శ్రద్ధగా తలుపు తీస్తూ.

"ఫైలు చెడినట్టుంది" అంది. "తీసెయ్."

తూవె ఏడో నంబరు తీసేసింది. హమ్మయ్య, ఈసారికి గట్టెక్కించాననుకుంది ఉల్రికా.

మర్నాడు సాయంత్రం ఆమె పరీక్షల హాల్లోకి వెళ్ళేసరికి యోరాన్ ఒక్కడే ఉన్నాడు. ఆ హాల్లో నిజమైన రైలు తలుపొకటి ఇనుప చట్రంలో బిగించి ఉంటుంది, ముందూ వెనకా రైలు లేకుండా. దాని ముందు నిలబడి బటన్ నొక్కుతున్నాడు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ నొక్కాడు.

"నా ఫలితమేదని తూవెని అడిగాను" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఫైలు చెడిందంది. నువ్వే చెప్పావట."

"అవును, ఏదో తేడా..."

"ఉల్రికా. చెడింది ఫైలు కాదు కదూ?"

తలుపు మూసుకుంది.

"ఏది రాశాను మళ్ళీ మళ్ళీ?"

"ముసలావిడని" అంది ఉల్రికా, తన గొంతు తనకే వినపడనంత చిన్నగా. "నాలుగుసార్లు."

అతను తలూపాడు. చట్రం పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"బన్నుల దగ్గర్నుంచి."

"ఏ బన్నులు?"

చెప్పింది. మొత్తం చెప్పింది, తన సంచీ సంగతితో సహా. యోరాన్ నోరు తెరుచుకుని విన్నాడు.

"ఓసి నీ! మరి చెప్పొద్దూ? నీ బన్నులేం చేశావ్?"

"నది ఒడ్డున బాతులకేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

యోరాన్ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు చాలాసేపు.

"ఆ యంత్రం దగ్గరికి నేను పోటీకెళ్ళాననుకున్నావా?" అన్నాడు. "మిమ్మల్నడిగితే బాగానే ఉన్నావంటారు. అందరూ కప్పుల్లోకి చూస్తారు. అదైతే చూడదు కదా. దానికి నా వయసు తెలీదు, నేనెవరో తెలీదు. ఉన్నదున్నట్టు చెబుతుందని వెళ్ళాను. దాన్ని కూడా చెప్పనివ్వలేదు నువ్వు."

"నీ మంచికోసమే..."

"విను. పొద్దున్నే వచ్చి నా సెట్టు తెరుస్తాను. అందులో పరీక్షలుంటాయి, చాలా మంచివి. నా పేరే, నా మాటే. రాసినట్టు జ్ఞాపకం మాత్రం ఉండదు. మొదటిసారి చూసినప్పుడు చెమటలు పట్టాయి. ఇంటికెళ్ళి గుడ్రున్‌కి చెప్పాను. డాక్టరు దగ్గరికి పోదామంది. నేనే వద్దన్నాను. జ్ఞాపకం లేకపోతేనేమే, చెయ్యి ఇంకా పనిచేస్తోంది, ఎంత బాగా రాశానో చూడు అన్నాను నా పెళ్ళాంతో. ఏడాది, ఉల్రికా! వాటిని చూసుకునే ధైర్యం తెచ్చుకున్నాను ఏడాదిపాటు."

ఉల్రికా చట్రం పట్టుకుంది. మతిమరుపు అతనిది. కానీ ఏది మరిచాడో ఏది మరవలేదో కూడా తెలియకుండా చేసింది తను. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది తను, రోజూ చాటుగా, ఎంతో ప్రేమగా.

"అవి నేను రాసినవి" అంది.

"ఏవి?"

"నీకు జ్ఞాపకం లేనివి. చాలావరకు నావే. నన్ను క్షమించు యోరాన్. అయ్యో, నన్ను క్షమించు."

అతను కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. కంప్యూటరు వైపు చూపించాడు.

"రా, కూర్చో. ఏవి నీవో ఏవి నావో విడదీద్దాం. నాకు తెలియాలి."

కూర్చున్నారు. ఏడాది పరీక్షలన్నీ తెరిచారు. తనవాటికి ఉల్రికా పసుపు రంగు పూసుకుంటూ పోయింది. మఫ్లరు పిల్ల, పసుపు. చక్రాల కుర్చీ అబ్బాయి, పసుపు. వేసవి నెలలు దాటేసరికి తెర నిండా పసుపే అయింది, మధ్య మధ్య తెల్లగా ముసలావిడ నిలబడి ఉంది. యోరాన్ చూస్తూ కూర్చున్నాడు.

"బాండీ కర్రతో కుర్రాడు" అని చదివింది ఉల్రికా. "ఇది నాది కాదే."

"మంచు మీద ఆడే ఈ ఆటంటేనే నాకు పడదు" అన్నాడు యోరాన్. ఇద్దరూ ఒకేసారి అన్నారు, "స్టాఫన్!"

స్టాఫన్ ప్రతి మ్యాచికీ కర్ర భుజాన వేసుకుని తిరిగే రకం. అతనూ దిద్దుతున్నాడన్నమాట, తనొక్కడే దిద్దుతున్నాననుకుంటూ. ఇంకాస్త కిందికి వెళితే ఇంకొకరి చెయ్యి, అదెవరిదో ఇద్దరికీ అంతుబట్టలేదు. అందరికీ తెలుసు. అందరూ చాటుగా దిద్దారు. ఒక్కరు కూడా అతనితో ఒక్క మాట అనలేదు.

యోరాన్ వేలు ఒకచోట ఆగింది.

"కుక్క లోపల. యజమాని ప్లాట్‌ఫారం మీద. మధ్యలో తలుపులో సన్నటి తాడు. తలుపు మూసుకున్నా రైలు కదలకూడదు." అతని మొహం విప్పారింది. "అబ్బ! ఇది ఎంత బాగుంది! ఇది నాదేనా?"

దానికింకా రంగు పూయలేదు. కిందటి అక్టోబరులో, వానలో స్టేషన్లో ఒక కుక్కని చూసి వచ్చి రాసింది ఉల్రికా. అవునంటే పోయేదేముంది? ఒక్కటి. ఇన్నింటిలో ఒక్కటి అతనిదంటే ఎవరికి నష్టం? మాట పెదాల చివరిదాకా వచ్చింది.

"కాదు" అంది. "నాది."

అతను కాసేపు తెర వంక చూశాడు. "బాగుంది" అన్నాడు. "నేను నేర్పిందే కదా."

"నువ్వు నేర్పిందే" అంది ఉల్రికా, ఆ కుక్క మీద పసుపు రంగు పూసి.

అంతా అయ్యేసరికి బయట వెలుగు తగ్గింది. యోరాన్ కోటు తీసుకున్నాడు.

"రేపు స్టాఫన్‌కి నేనే చెబుతాను, ఇంక సంతకం పెట్టనని. ఇంటికెళ్ళి గుడ్రున్‌కీ చెబుతాను. తూవెని ఏడో నంబరు మళ్ళీ లెక్కలో పెట్టమను. యంత్రం నా తప్పు పట్టిందిగా, దాని పని అదే."

"చెబుతాను."

"నేను చెప్పానో లేదో నువ్వు చూడు. రెండుచోట్లా. మర్చిపోతే మొహం మీదే అడుగు. మర్యాదకి పోకు."

"పోను."

అతను కోటు ఒక చేతికి తొడుక్కుంటూ, తెర ఆపేద్దామని వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు. కళ్ళు చిట్లించి చదువుకున్నాడు. మెల్లగా మొహం విప్పారింది, ఇందాకటిలాగే.

"కుక్క లోపల, యజమాని ప్లాట్‌ఫారం మీద... అబ్బ! ఉల్రికా, ఇది చూశావా? ఎంత బాగుందో! ఇది నాదేనా?"

ఉల్రికా అతని రెండో చేతికి కోటు అందించింది.

"కాదు యోరాన్" అంది. "నాది."

"బాగుంది" అన్నాడు. "నేను నేర్పిందే కదా."

"నువ్వు నేర్పిందే" అంది ఉల్రికా.